ఆట ముగిశాక పిల్లల దగ్గర ఏం మిగులుతోంది? తరగతిలో ఆటలతో బోధనపై చర్చ

సుద్దముక్క (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఆరు, ఏడు తరగతులకు లెక్కలు చెబుతాను. నాలుగు నెలలుగా వారానికి రెండు పీరియడ్లను తెర మీద ఆడే క్విజ్‌కు కేటాయిస్తున్నాను. పైన ప్రశ్న, దాని కింద నాలుగు రంగుల గళ్లలో నాలుగు జవాబులు, పక్కన ఇరవై సెకన్ల గడియారం ఉంటాయి. ఎంత తొందరగా నొక్కితే అన్ని ఎక్కువ పాయింట్లు. ఒక్కో ప్రశ్న ముగియగానే మొదటి ఐదుగురి పేర్లు తెర మీదికి వస్తాయి. ఆ పీరియడ్ అంటే పిల్లలకు ప్రాణం. నేను గదిలో అడుగు పెట్టకముందే బల్లలు సర్దుకుని కూర్చుంటారు, హాజరు తీసుకునే వ్యవధి కూడా ఇవ్వరు.

అయితే పోయిన వారం ఒక స్లిప్ టెస్టు పెట్టాను. అందులో 1/2 + 1/3 ఎంత అన్న లెక్క ఉంది. పది రోజుల కిందట క్విజ్‌లో ఇదే లెక్కకు తరగతి దాదాపు అంతా 5/6 అని సరిగ్గా నొక్కింది. కాగితం మీదికి వచ్చేసరికి సగం మందికి పైగా 2/5 అని రాశారు. పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపేశారు. ఇంకొక సంగతి కూడా అప్పుడే నా కంటబడింది. చివరి బల్లలో కూర్చునే ఒక అమ్మాయి ప్రతి ప్రశ్నకూ అందరికంటే ఆఖరున నొక్కుతుంది. ఆమె నిదానంగా ఆలోచిస్తోందని ఇన్నాళ్లూ అనుకున్నాను. దగ్గరికి వెళ్లి నిలబడి చూస్తే, పక్కమ్మాయి వేలు ఏ రంగు మీదికి పోతుందో చూసి తన వేలిని అక్కడికి జరుపుతోంది.

లోపం ఆటలోనే ఉందా, నేను ఆడిస్తున్న తీరులో ఉందా? తరగతిలో ఆటలను చాలాకాలంగా వాడుతున్నవారు, వాడి మానేసినవారు కూడా తమ అనుభవాన్ని చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మూడోబెల్లు

సుద్దముక్క గారూ, వాడి మానేసినవారిలో నేనొకడిని. ఇరవై ఆరేళ్లు పాఠాలు చెప్పి విరమించాను కనుక ఎవరి మెప్పూ అక్కరలేకుండా మాట్లాడగలను.

ఒకసారి నేను గడియారం దగ్గర పెట్టుకుని నా ఆట పీరియడ్‌ను లెక్కవేశాను. మొత్తం 45 నిమిషాలు. హాజరుకు 4, జట్లుగా విడదీయడానికి 6, నియమాలు చెప్పడానికి 5, "వాడు ముందే చూశాడు సార్" వంటి తగాదాలు తీర్చడానికి 4, పాయింట్లు ప్రకటించడానికి 3 పోయాయి. మిగిలినవి 23 నిమిషాలు. నిమిషానికొక ప్రశ్న చొప్పున, ఒక్కో ప్రశ్నకు ఒక్కో విద్యార్థి లేచి జవాబు చెప్పే పద్ధతి కనుక, నలభై మందిలో పదిహేడు మందికి అసలు వంతే రాలేదు. అదే వ్యవధిలో నోటు పుస్తకాలు తీయించి ఉంటే ఒక్కొక్కరూ ఎనిమిది లెక్కలు చేసేవారు. పిల్లలు కేకలు వేస్తున్నారంటే నేర్చుకుంటున్నారని మనం నమ్మడానికి సిద్ధంగా ఉంటాం, ఎందుకంటే ఆ కేకలు మనకూ ఉత్సాహాన్నిస్తాయి. ఆటలన్నీ వృథా అనడం లేదు. ఆట అయిపోయాక "ఎంత సరదాగా గడిచింది" అని కాక, "ఒక్కో పిల్లవాడు ఎన్నిసార్లు తలకు పని చెప్పాడు" అని లెక్కవేయండి. ఆ లెక్కలో నిలిచే ఆట ఉంటే చెప్పండి, నేనూ నేర్చుకుంటాను.

లెక్కలపెట్టె

మూడోబెల్లు గారు అడిగిన లెక్కలో నిలిచే ఆట ఒకటి ఉంది. దాని గురించి చెప్పే ముందు క్విజ్ సంగతి చూద్దాం. ఆ క్విజ్‌లో పిల్లవాడు చేసే పని ఏమిటి? నాలుగు రంగుల్లో ఒకదాన్ని ఎంచి తొందరగా నొక్కడం. భిన్నాలు కలపడం ఆ పనిలో భాగం కాదు. హారాలు సమానం చేయకుండానే మిగతా మూడు జవాబులు చూసి 5/6 అని ఊహించవచ్చు, పక్కవారి వేలు చూసీ నొక్కవచ్చు. ఆటలో గెలిచే దారి, లెక్క నేర్చుకునే దారి వేరువేరుగా ఉన్నప్పుడు పిల్లలు గెలిచే దారినే పడతారు. అది వారి తప్పు కాదు, పైగా అది వారి తెలివి.

ఈ తేడాను నేరుగా పరీక్షించిన పరిశోధన ఒకటి 2011లో వెలువడింది. జేకబ్ హాబ్‌గుడ్, షారన్ ఎయిన్స్‌వర్త్ అనే ఇద్దరు ఒకే కంప్యూటర్ ఆటను రెండు రకాలుగా తయారు చేసి 7 నుంచి 11 ఏళ్ల పిల్లల చేత ఆడించారు. ఒకదానిలో ఎదురొచ్చే అస్థిపంజరం మీద ఒక సంఖ్య ఉంటుంది, ఆ సంఖ్యను నిశ్శేషంగా భాగించే ఆయుధంతో కొడితేనే అది కూలుతుంది. అంటే భాగహారమే పోరాటం. రెండోదానిలో పోరాటం మామూలుగా సాగుతుంది, భాగహారం ప్రశ్నలు అంచెకూ అంచెకూ మధ్య విడిగా వస్తాయి. లెక్కలు అవే, బొమ్మలు అవే. మొదటి రకం ఆడినవారు ఎక్కువ నేర్చుకున్నారు. అంతేకాక, ఇష్టమొచ్చింది ఆడుకోమని వదిలేసినప్పుడు పిల్లలు మొదటి రకం మీద ఏడు రెట్లు ఎక్కువ సమయం గడిపారు.

ఇక నేను చెప్పదలచిన ఆటకు తెర అక్కరలేదు, సుద్దముక్క చాలు. ఫ్రాన్స్‌కు చెందిన గణిత బోధనా శాస్త్రవేత్త గీ బ్రూసో దీనిని తన సిద్ధాంతానికి ఉదాహరణగా తీసుకున్నారు. పేరు "ఇరవైకి పరుగు". ఇద్దరు ఆడతారు. మొదటివారు 1 గాని 2 గాని అంటారు. రెండోవారు ఆ సంఖ్యకు 1 గాని 2 గాని కలిపి చెబుతారు. అలా వంతులవారీగా పోతూ ముందుగా 20 అన్నవారు గెలుస్తారు. నియమాలు అంతే, చెప్పడానికి అర నిమిషం పడుతుంది.

మొదట పిల్లలను జంటలుగా ఆడనివ్వాలి. నలభై మందిలో ఇరవై జంటలు ఒకేసారి ఆడతాయి కనుక వంతు రానివారు ఉండరు. ఐదారు ఆటలయ్యేసరికి ఎవరో ఒకరు, "17 అన్నానంటే ఇక నేనే గెలుస్తాను" అని గుర్తిస్తారు. ఎదుటివాడు 18 అంటే నేను 20 అంటాను, 19 అన్నా నేను 20 అంటాను. అయితే 17 నాకు దక్కాలంటే? అప్పుడు 14 బయటపడుతుంది. ఇక్కడి నుంచి తరగతిలో వినపడే ధ్వని మారుతుంది. కేకలు తగ్గి గుసగుసలు మొదలవుతాయి.

రెండో దశలో తరగతిని రెండు జట్లు చేసి, జట్టుకొకరిని బోర్డు దగ్గరికి పిలుస్తాను. ఆట సాగుతుండగా సొంత జట్టువారు కూడా నోరు విప్పకూడదు. ఒక ఆటకూ మరొక ఆటకూ మధ్య మాత్రం మాట్లాడుకోవచ్చు. ఎవరిని పిలుస్తానో ముందుగా చెప్పను. అందువల్ల తెలిసినవాడు తనకు తెలిసిందాన్ని జట్టులో అందరికీ అర్థమయ్యేలా చెప్పి తీరాలి, లేకపోతే ఓడిపోతారు. మూడో దశలో ఆట ఆగిపోతుంది. "14 అంటే గెలుపు ఖాయం" వంటి వాక్యాన్ని ఒక జట్టు బోర్డు మీద రాస్తుంది, రెండో జట్టు దాన్ని ఒప్పుకోవాలి లేదా ఆడి తప్పని చూపించాలి. ఈ మూడో దశే నాకు అసలు పాఠం. మొదటి రెండూ దానికి పెట్టుబడి.

అక్షరమాలిక

నేను భాష బోధిస్తాను. క్విజ్‌ను అంత తేలికగా తోసిపుచ్చడం న్యాయం కాదనిపిస్తోంది. చదివినదాన్ని మళ్లీ చదవడం కంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం వల్ల ఎక్కువకాలం నిలుస్తుందని రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చేసిన ప్రయోగం చాలామందికి తెలిసినదే. ఐదు నిమిషాల తరువాత అడిగితే మళ్లీ చదివినవారే మెరుగ్గా చెప్పారు; వారం తరువాత అడిగినప్పుడు గుర్తు తెచ్చుకునే అభ్యాసం చేసినవారు వారిని దాటిపోయారు. కనుక ప్రశ్న అడగడం మంచిదే. చిక్కంతా ఆ గడియారంతోనూ, ఎదురుగా కనిపించే నాలుగు జవాబులతోనూ వచ్చింది. జవాబు కళ్ల ముందుంటే గుర్తు తెచ్చుకోవలసింది ఏముంది?

సుద్దముక్క గారు ప్రయత్నించదగిన మార్పు ఒకటి చెబుతాను. ప్రశ్న మాత్రమే చూపించి, జవాబులు దాచండి. రెండు నిమిషాలు నోటు పుస్తకంలో చేయనివ్వండి. ఆ తరువాత నాలుగు జవాబులు చూపించి, అందరినీ తమ జవాబు కార్డును ఒకేసారి ఎత్తమనండి. దీనికి పిల్లల చేతుల్లో పరికరాలు కూడా అక్కరలేదు. ప్లికర్స్ వంటి పద్ధతిలో పిల్లలు కాగితపు కార్డును తమ జవాబుకు తగిన వైపు తిప్పి పట్టుకుంటారు, ఉపాధ్యాయుడి ఫోను కెమెరా వాటిని చదువుతుంది. ఎవరి కార్డు ఆకారం వారిదే కనుక పక్కవారి కార్డు చూసి అదే వైపు తిప్పితే జవాబు కుదరదు. ఆ చివరి బల్ల అమ్మాయి విషయంలో ఇది కొంత పనికి రావచ్చు.

ఇక ఆడడమే పాఠంగా ఉండే ఆట భాషలోనూ ఉంది. నేను ఎక్కువగా ఆడించేది నిషిద్ధ పదాల ఆట. చీటీ మీద ఒక మాట, దాని కింద వాడకూడని మాటలు మూడు ఉంటాయి. ఆ మాటలు వాడకుండా జట్టువారి చేత అసలు మాట చెప్పించాలి. ఒకసారి "నీడ" అన్న చీటీ వచ్చింది. ఎండ, చెట్టు, నలుపు అనకూడదు. మామూలుగా మూడు ముక్కలకు మించి మాట్లాడని అబ్బాయి లేచి, "నేను కదిలితే కదులుతుంది, పొద్దున నాకంటే పొడుగ్గా ఉంటుంది, మధ్యాహ్నం కాళ్ల కిందికి వస్తుంది, దీపం ఆర్పితే నన్ను వదిలేసి పోతుంది" అన్నాడు. జట్టు "నీడ" అని అరిచింది. నేను మాత్రం ఆ నాలుగు వాక్యాలను బోర్డు మీద రాసి, పొడుపుకథ ఎలా పుడుతుందో చెప్పడానికి మిగతా పీరియడ్ అంతా వాడుకున్నాను. ఆ రోజు ప్రణాళికలో ఉన్న పాఠం జరగలేదు. ఆ సంగతి డైరీలో ఎలా రాశానో మాత్రం ఇక్కడ చెప్పను.

ఇంటిపని

నేను ఉపాధ్యాయురాలిని కాదు, తల్లిని. మీ చర్చలో తల దూర్చినందుకు మన్నించండి. మా అబ్బాయి తరగతిలో కూడా ఇటువంటి క్విజ్ ఆడిస్తారు. ఆ పీరియడ్ ఉన్న రోజున వాడికి పొద్దున్నే కడుపునొప్పి వస్తుంది. మొదట్లో నిజమేననుకున్నాము. తరువాత తెలిసింది, ఆ పేర్ల పట్టికలో వాడు ఒక్కసారి కూడా కనిపించలేదట. "మొదటి ఐదుగురు ఎప్పుడూ వాళ్లేనమ్మా, మేం చప్పట్లు కొట్టడానికి కూర్చుంటాం" అన్నాడు. పిల్లలందరికీ ఆ పీరియడ్ అంటే ప్రాణమని రాశారు కదా, దయచేసి మరొకసారి వెనక బల్లలను చూడండి.

లెక్కలపెట్టె

ఇంటిపని గారూ, మన్నింపు అడగవలసింది మీరు కాదు. ఆ పట్టికను తీసేయడానికి అమరికల్లో ఒక్క నొక్కు చాలు, అయినా మాలో చాలామంది తీయము. నేనూ రెండేళ్లు తీయలేదు. పోటీ పెడితే, వేగాన్ని కాక జవాబు సరైనదేనా అన్నదాన్ని కొలవాలి. వ్యక్తికి కాక జట్టుకు పాయింట్లు ఇవ్వాలి. జట్టులో ఎవరు జవాబు చెప్పాలో చీటీ తీసి తేల్చాలి. ఇంకా మంచిది, తరగతి మొత్తం తన పోయిన వారపు లెక్కతో తానే పోటీ పడడం. "పోయినసారి నలభైలో ఇరవై రెండు సరైనవి, ఈసారి ఎన్ని?" అన్నప్పుడు వెనుకబడినవాడి సరైన జవాబుకు కూడా అంతే విలువ ఉంటుంది, అందుకని వాడికి నేర్పడానికి పక్కవాడు తనంతట తానే ముందుకు వస్తాడు.

మూడోబెల్లు

బహుమతుల గురించి కూడా ఎవరైనా చెప్పాలి. నా సహోద్యోగి ఒకరు గెలిచినవారికి పెన్నులు పంచేవారు. ఒక ఏడాది పెన్నులు మానేశారు. పిల్లలు ఆటే మానేశారు.

అక్షరమాలిక

మూడోబెల్లు గారూ, మీ సహోద్యోగికి జరిగింది 1973లోనే లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపించారు. బడి ఈడుకు రాని చిన్నపిల్లల్లో బొమ్మలు వేయడమంటే ముందే ఇష్టం ఉన్నవారిని ఎంచుకున్నారు. బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని కొందరికి ముందుగా చెప్పి ఇచ్చారు, కొందరికి చెప్పకుండా చివర ఇచ్చారు, మిగిలినవారికి ఏమీ ఇవ్వలేదు. కొద్దిరోజుల తరువాత అవే రంగుల పెన్నులను గదిలో ఊరికే ఉంచి గమనిస్తే, ముందుగా మాట తీసుకుని పత్రం పొందినవారు మిగతా రెండు గుంపుల కంటే చాలా తక్కువసేపు బొమ్మలు వేశారు. ముందు చెప్పకుండా పత్రం అందుకున్నవారిలో ఆ తగ్గుదల కనిపించలేదు. అందువల్ల ఇవ్వాలనిపిస్తే ఎప్పుడైనా, చెప్పకుండా, అందరికీ ఇవ్వడం ఒక పద్ధతి. నేనైతే గెలిచిన జట్టుకు మరుసటి ఆట చీటీలు తయారు చేసే పని అప్పగిస్తాను. అది బహుమతి అని వారు అనుకుంటారు. "నీడ"కు ఏయే మాటలు నిషేధించాలో తేల్చుకోవడానికి వారు పడే తర్జనభర్జన ఆటకంటే గట్టి పాఠం.

చిన్నబడి

నేను ఒకటి, రెండు తరగతులకు చెబుతాను. చిన్న తరగతుల గురించి ఎవరూ మాట్లాడలేదు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

చిన్నపిల్లలకు బల్ల మీద ఆడే ఆటల విషయంలో చాలా స్పష్టమైన పరిశోధన ఉంది. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో, పేద కుటుంబాలకు చెందిన నాలుగైదేళ్ల పిల్లల చేత 1 నుంచి 10 వరకు గళ్లు వరుసగా ఉన్న సంఖ్యల పలకతో ఆడించారు. పదిహేను నిమిషాల చొప్పున నాలుగుసార్లు మాత్రమే. ఏ సంఖ్య పెద్దది, గీత మీద ఏ సంఖ్య ఎక్కడ ఉంటుంది, లెక్కించడం, అంకెలను గుర్తుపట్టడం, ఈ నాలుగింటిలోనూ పిల్లలు మెరుగుపడ్డారు, తొమ్మిది వారాల తరువాత కూడా ఆ మెరుగు నిలిచి ఉంది. అదే పలక మీద సంఖ్యలకు బదులు రంగులు పెట్టి ఆడించిన పిల్లల్లో ఆ మార్పు రాలేదు. ఆ తరువాతి ఏడాది వారే గళ్లను గుండ్రంగా అమర్చి చూశారు, గీతలా తిన్నగా అమర్చినదే ఎక్కువ ఉపకరించింది. పెద్ద సంఖ్య అంటే మొదటి గడి నుంచి ఎక్కువ దూరం, ఎక్కువ అడుగులు, ఎక్కువసేపు అన్న సంగతి తిన్నటి వరుసలో పిల్లవాడి చేతికీ కంటికీ ఒకేసారి తెలుస్తుంది కదా.

ఇందులో ఒక చిన్న నియమం ఉంది, నేను దాన్ని చాలాకాలం పట్టించుకోలేదు. పావు 5వ గడిలో ఉండగా 2 పడితే మా పిల్లలు "ఒకటి, రెండు" అంటూ జరుపుతారు. అలా అంటే ఆ పలక మీద సంఖ్యలు ఉన్నా లేనట్టే. "ఆరు, ఏడు" అంటూ, అంటే గడిలో ఉన్న సంఖ్యనే పలుకుతూ జరపాలి. ఆ అధ్యయనంలో అలాగే చేయించారు. ఈ ఒక్క నియమం పెట్టిన రోజు నుంచి మా గదిలో ఆట నెమ్మదించింది, ఒకరిద్దరు విసుక్కున్నారు కూడా. కానీ తప్పు ఎక్కడ జరుగుతోందో నాకు వినపడడం మొదలైంది. ఒక పాప 9 తరువాత ప్రతిసారీ ఆగి నా ముఖం చూసేది. ఆ సంగతి అంతవరకు నాకు తెలియదు.

వైకుంఠపాళి ఆడిస్తే సరిపోదా అని కొందరు అడుగుతుంటారు. సరదాకు సరిపోతుంది. అయితే ఆ పలక మీద ఒక వరుస ఎడమ నుంచి కుడికి, పై వరుస కుడి నుంచి ఎడమకు పోతుంది. మధ్యలో పాము నోట పడితే సంఖ్యల వరుసే తెగిపోతుంది. సంఖ్యలు కుదురుకున్నాక ఆడించడం మేలని నా అభిప్రాయం.

పటంచెప్పేవారు

నేను సాంఘిక శాస్త్రం బోధిస్తాను. ఆట పాఠాన్ని మింగేయడం గురించి మా విషయంలో ఒక గొప్ప ఉదాహరణ ఉంది. భూములు కొని, అద్దెలు వసూలు చేసి, ఎదుటివారిని దివాలా తీయించే మోనోపొలీ ఆట అందరికీ తెలుసు. దాని మూలం ఎలిజబెత్ మాగీ అనే అమెరికన్ మహిళ 1904లో పేటెంట్ పొందిన "భూస్వామి ఆట". భూమి కొందరి చేతుల్లో పోగుపడితే మిగిలినవారు ఎలా చితికిపోతారో, భూమి విలువ మీదే పన్ను వేయాలన్న ఆర్థికవేత్త హెన్రీ జార్జ్ వాదం ఎందుకు సరైనదో ప్రజలకు బోధపరచడం ఆమె ఉద్దేశం. 1935లో పార్కర్ బ్రదర్స్ సంస్థ మోనోపొలీని అమ్మకానికి పెట్టింది, ఆట ప్రపంచమంతా పాకింది. ఎదుటివాడిని చితక్కొట్టడంలోని ఆనందం మిగిలింది, పాఠం రాలిపోయింది. ఆట బాగుంటే పాఠం తనంతట తానే అందుతుందని అనుకునేవారికి నేను ఈ కథ చెబుతుంటాను.

అందుకే ఆట తరువాతి చర్చకు నేను ఆటకు ఇచ్చినంత సమయం ఇస్తాను. నీటి పంపకం మీద ఒక నటనాత్మక ఆట ఆడిస్తాను. ఒకే కాలువ మీద ఐదు ఊళ్లు. నీటిని ముప్పై చీటీలుగా చేసి పైఊరి చేతిలో పెడతాను. తనకు కావలసినన్ని ఉంచుకుని మిగిలినవి కిందికి పంపాలి. ప్రతి ఊరికీ పంట పండాలంటే ఆరు చీటీలు చాలు, కానీ ఎక్కువ ఉంచుకున్న ఊరికి ఎక్కువ పాయింట్లు. మూడో విడతకే ఆఖరి ఊరికి ఒక్క చీటీ చేరదు. అక్కడ ఆట ఆపి, "ఆఖరి ఊరివారు పైఊరికి ఒక ఉత్తరం రాయండి, పైఊరివారు తమ చర్యను సమర్థించుకుంటూ జవాబు రాయండి" అంటాను. తరువాత ఊళ్లు మార్చి మళ్లీ ఆడిస్తాను. కిందనున్నవారు పైకి వెళ్లగానే ఏం చేస్తారో చూడడం నాకు ఇప్పటికీ విసుగు పుట్టని వినోదం. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. చరిత్రలోని బానిసత్వం, ఊచకోతల వంటి ఘట్టాలలో పిల్లలను పీడకులుగా, పీడితులుగా నిలబెట్టి ఆడించకండి. అక్కడ ఆట అన్న మాటే తప్పు.

2013లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణలో పీటర్ వౌటర్స్, ఆయన సహచరులు అనేక అధ్యయనాల ఫలితాలను కలిపి చూశారు. మామూలు బోధన కంటే బోధనాత్మక కంప్యూటర్ ఆటలతో నేర్చుకున్నదీ, గుర్తు నిలిచినదీ కొంత ఎక్కువే. అయితే ఆటల వల్ల పిల్లలకు ఆసక్తి ఎక్కువ కలుగుతుందన్న మాట మాత్రం ఆ లెక్కల్లో నిలవలేదు. మనమందరం ఆటలను వాడేది ఆసక్తి కోసమే కదా! ఆటకు ఇతర బోధనను జోడించినప్పుడు, పలుమార్లు ఆడించినప్పుడు, గుంపులుగా ఆడించినప్పుడు ఫలితం మెరుగ్గా ఉందని కూడా వారు రాశారు.

మూడోబెల్లు

ఆ నీటి ఆట నాకు నచ్చింది, ఒప్పుకుంటున్నాను. పక్క తరగతి నుంచి ఫిర్యాదు రాకుండా దీన్నంతా ఎలా నడుపుతారో కూడా చెప్పండి. నా ఆటలు ఆగిపోయింది నా సందేహాల వల్ల కాదు, గోడకు అవతలున్న సైన్సు మాస్టారు వల్ల.

లెక్కలపెట్టె

గుసగుసగా మాత్రమే ఆడాలన్నది ఆట నియమాల్లో ఒకటిగా పెట్టండి. గొంతు పెంచిన జంట ఒక వంతు కోల్పోతుంది. నియమాలు నోటితో చెప్పకుండా, ఇద్దరి చేత అందరి ముందు ఒక ఆట ఆడించి చూపించండి. జట్లు నెలకొకసారే మార్చండి, ఆ ఆరు నిమిషాలు మిగులుతాయి. మూడు నాలుగు ఆటలనే ఏడాది పొడవునా తిప్పి తిప్పి వాడితే నియమాలు చెప్పే పని కూడా తప్పుతుంది. సైన్సు మాస్టారును ఒకసారి ఆటకు పిలిచి చూడండి.

సుద్దముక్క (రెండు వారాల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ముందుగా క్విజ్‌లో పేర్ల పట్టిక, గడియారం తీసేశాను. మొదటి రోజు తరగతి నీరసపడింది. "ఆట పాడైపోయింది టీచర్" అని మొహం మీదే అన్నారు. అన్నవారు ఎవరని చూస్తే, ఎప్పుడూ మొదటి ఐదుగురిలో ఉండేవారే. ఇంటిపని గారి మాట గుర్తొచ్చింది.

తరువాతి పీరియడ్‌లో ఇరవైకి పరుగు ఆడించాను. నాలుగు జంటలు అసలు ఆలోచించకుండా నోటికొచ్చినట్టు ఆడి గంట గడిపాయి, అది దాచను. ఒక జంట 17 సంగతి మూడో ఆటకే కనిపెట్టి గది అంతా చాటింది, దాంతో మిగిలినవారికి కనిపెట్టే అవకాశం పోయింది. నేను చెప్పే మరో తరగతిలో ఆడించినప్పుడు "కనిపెట్టినది నోటు పుస్తకంలో రాయాలి, చెప్పకూడదు" అని ముందే షరతు పెట్టాను. అక్కడ బాగా నడిచింది.

ఆ చివరి బల్ల అమ్మాయి మొదటి రోజు అన్ని ఆటలూ ఓడిపోయింది. పక్కవారి వేలు చూసి ఆడే వీలు ఇక్కడ లేదు. మరునాడు నోటు పుస్తకాలు చూస్తుంటే ఆమె పుటలో 20 నుంచి వెనక్కి మూడేసి తగ్గిస్తూ 17, 14, 11, 8, 5, 2 అని రాసి ఉంది, 2 చుట్టూ రెండుసార్లు గీసిన సున్నా. నేను ఏమీ అనలేదు. మూడో దశలో ఆమె జట్టు "మొదట ఆడేవారు 2 అంటే గెలుస్తారు" అని బోర్డు మీద రాసింది. అవతలి జట్టులో ఒకడు లేచి, "20 బదులు 21 అయితే?" అన్నాడు. గది నిశ్శబ్దమైంది. ఆ అమ్మాయి కూర్చున్న చోటి నుంచే, నాకు కాక పక్కమ్మాయికి చెబుతున్నట్టు, "అప్పుడు ముందు ఆడకూడదు" అంది. ఎందుకని అడిగితే వెంటనే చెప్పలేకపోయింది. శేషం అన్న మాట ఆ రోజు ఎవరి నోటా రాలేదు, నేనూ అందించలేదు. రెండు రోజుల తరువాత భాగహారం పాఠంలో 20ని 3తో భాగిస్తే శేషం 2, 21కి శేషం 0 అని బోర్డు మీద రాసినప్పుడు ముగ్గురు నలుగురు ఒక్కసారిగా తలెత్తారు.

అయితే నా మొదటి బాధ అలాగే ఉంది. 1/2 + 1/3కి 2/5 అని రాసేవారు ఇంకా రాస్తూనే ఉన్నారు. భిన్నాలకు ఇటువంటి ఆట ఏదైనా ఉందా?

చిన్నబడి

పట్టీల ఆట ఆడించండి. పెద్ద తరగతులకూ పనికొస్తుంది. 24 సెంటీమీటర్ల కాగితపు పట్టీ ఒకటి ఒక్కొక్కరి ముందు ఉంచండి, అది 1. రంగు కాగితాలతో 1/2కు 12, 1/3కు 8, 1/4కు 6, 1/6కు 4, 1/12కు 2 సెంటీమీటర్ల ముక్కలు కత్తిరించండి. పాచిక ఆరు ముఖాల మీద 1/2, 1/3, 1/4, 1/6, 1/12, 1/12 అని రాయండి. పడిన ముక్కను పట్టీ మీద పేర్చాలి. పట్టీని సరిగ్గా నింపినవారు గెలుస్తారు. ముక్క పట్టకపోతే వంతు పోతుంది. చివరికొచ్చేసరికి ప్రతివాడికీ "నాకు ఇంకెంత కావాలి?" అన్న ప్రశ్న ఎదురవుతుంది. 1/2, 1/3 పెట్టుకున్నవాడికి 1/6 కావాలని కళ్లకే తెలుస్తుంది.

లెక్కలపెట్టె

దీనికి ఒకటి జోడిస్తాను. ప్రతి వంతు తరువాత "ఇప్పటికి ఎంత నిండింది" అన్నది ఒకే భిన్నంగా నోటు పుస్తకంలో రాయాలి. తప్పు రాస్తే ఎదుటివాడు పట్టుకుని ఆ ముక్క తీసేయించవచ్చు. ఎవరైనా 1/2, 1/3 పేర్చి 2/5 అని రాస్తే, మీరు మాట్లాడవద్దు. 24 సెంటీమీటర్లలో 2/5 అంటే పది సెంటీమీటర్లు కూడా నిండదు, వాడు మొదట పెట్టిన సగం ముక్క ఒక్కటే పన్నెండు ఉంది. స్కేలు వాడి చేతికివ్వండి చాలు.

సుద్దముక్క

స్కేలు మాట బాగుంది. రేపు శనివారం, ముక్కలు కత్తిరించడానికి పిల్లలనే కూర్చోబెడతాను. 24 సెంటీమీటర్లలో మూడో వంతు ఎంతో వాళ్లే కొలుచుకోనీ.